పరీక్షించడమైనది, లోపం లేదు

“మీరు నీడిల్ తిప్పారు.”

అది ప్రశ్న కాదు, తీర్పు. బల్లకు అవతల నిలబడ్డ యువకుడు చేతిలోని చిన్న ఎర్రట్రక్కును ఇంకా కింద పెట్టనైనా లేదు.

“లేదండీ.”

“తిప్పారు. బండి ఆగగానే అందరి చెయ్యీ ముందు దానిమీదికే పోతుంది.”

“అదెక్కడుంటుందో కూడా నాకు తెలీదండీ. నాకు తెలిసిన నీడిల్ ఇదొక్కటే,” అంటూ అతడు చొక్కా జేబు అంచుకు గుచ్చివున్న లావుపాటి సూదిని చూపాడు. దానికి దారం కూడా ఎక్కించి ఉంది. “లైబ్రరీలో బైండర్ని. పుస్తకాలు కుడతాను.”

ఆమె నవ్వలేదు. రిమోటుతో నడిచే బళ్ళు అమ్మే మామయ్య దుకాణంలో వెనుక గది ఆమె రాజ్యం. అక్కడికి వచ్చే ట్రక్కులు మూరెడు పొడవే ఉంటాయి. కాని వాటిలో ఉండేది నిజమైన ఇంజను, అవి తాగేది నైట్రో కలిపిన ఘాటైన ఇంధనం. వాటిని బొమ్మలనేవాళ్ళన్నా, లోపమెక్కడుందో వెతక్కుండా నీడిల్ తిప్పేవాళ్ళన్నా ఆమెకు ఒళ్ళు మంట. ఇంజనులోకి ఎంత ఇంధనం పోవాలో నిర్ణయించే చిన్న మర అది. అసలు ఇంధనమే సరిగా రానప్పుడు దాన్ని తిప్పడమంటే, మిద్దెమీద తొట్టి చిల్లిపడితే కింద కుళాయితో కుస్తీ పట్టడమే. ఈ సంగతి ఆరేళ్ళుగా చెబుతూనే ఉంది. చెప్పింది ఆడపిల్ల గనుక, విన్న పెద్దమనుషులు తలలాడించి, ఇంటికి వెళ్ళి మళ్ళీ తిప్పారు. బండి బాగుపడ్డాక మాత్రం ఆమెను ‘డాక్టరమ్మా’ అని పిలవడానికి వాళ్ళకేమీ అభ్యంతరం ఉండేది కాదు.

ఆమె స్క్రూడ్రైవరుతో నీడిల్‌ను మూస్తూ చుట్లు లెక్కపెట్టింది. సరిగ్గా నాలుగు. తయారైననాడు పెట్టినచోటే ఉంది. ఎవరి చెయ్యీ పడలేదు.

“సరే. తిప్పలేదు,” అంది.

ముందుగదిలో కూర్చున్న మామయ్య తలుపులోంచి తొంగిచూశాడు. “అంతేనా? ‘పొరపాటు పడ్డానండీ’ అంటే నోరేమైనా అరిగిపోతుందా తల్లీ?”

“నీ పని నువ్వు చూసుకో మామయ్యా.”

“చూశావా బాబూ? మా మేనకోడలు బంగారం. కాకపోతే ఆ ఒక్కమాటా దాని నిఘంటువులో అచ్చు కాలేదు.”

“ఆ పేజీ నేను కుట్టిపెడతానండీ,” అన్నాడు బైండరు, చాలా వినయంగా.

ఆమె తలెత్తి అతణ్ణి మొదటిసారి సరిగా చూసింది. వేళ్ళమీద ఎండిన జిగురు. కనురెప్పలమీద, బయట కురుస్తున్న వాన తాలూకు రెండు చినుకులు. మరమ్మతుకు ఏమాత్రం సంబంధంలేని ఈ వివరాలను ఆమె గమనించవలసిన అవసరం లేదు. గమనించింది.

“కంప్లయింటేంటో చెప్పండి.”

“రెండు నిమిషాలు బుద్ధిగా పరిగెడుతుందండీ. తర్వాత గొంతు చించుకుని అరుస్తుంది. అచ్చం మా అక్కలాగే. తేడా ఏంటంటే, ఇది అరిచాక ఆగిపోతుంది.”

పెదవుల చివర పుట్టిన నవ్వును ఆమె అక్కడే అణిచేసింది. “సైలెన్సరులోంచి వచ్చే పొగ కొంత ఈ సన్నటి ట్యూబులోంచి ట్యాంకులోకి పోతుంది. ఆ ఒత్తిడే ఇంధనాన్ని ఇంజనుకు నెడుతుంది. ఎక్కడో గాలి పోతోంది. అందుకే బండికి గొంతు ఎండిపోతోంది.”

ట్యాంకు ఊడదీసి, ఒక ట్యూబుకు బిరడా బిగించి, నీళ్ళ బకెట్లో ముంచింది. రెండో ట్యూబుకు రబ్బరు బుడ్డి తగిలించి అతని చేతికిచ్చింది. “నొక్కండి. నెమ్మదిగా.”

నొక్కాడు. ఇద్దరి ముఖాలూ నీళ్ళలో పక్కపక్కనే కనిపించాయి. మూత అంచునుంచి బుడగ లేచినప్పుడల్లా ఆ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, మళ్ళీ విడిపోయాయి.

“మూతకింద రింగు గట్టిపడింది,” అంది ఆమె, కొంచెం ఆలస్యంగా. “ఇక ఆపండి. తెలిసింది.”

అతడు ఇంకా నొక్కుతూనే ఉన్నాడు.

రింగు మార్చాక ఆమె ఎప్పటిలాగే ఒక అట్టచీటీ తీసుకుని, గుండ్రటి అక్షరాలతో ‘పరీక్షించడమైనది. లోపం లేదు’ అని రాసి, తేదీ వేసి, సన్నని రాగితీగతో ట్యాంకు పక్కనున్న కడ్డీకి బిగించి కట్టింది. ఆ గదిలోంచి చీటీ లేకుండా ఏ బండీ వెళ్ళలేదు. అంత చక్కని దస్తూరీ జనం చేతుల్లో చెత్తబుట్ట పాలవుతోందని మామయ్య బాధ.

“ఇది మీ రాతేనా?” అన్నాడు అతడు.

“కాదు, ఇంజనుది.”

*

పది రోజులకు అతడు మళ్ళీ వచ్చాడు. అదే అరుపు, అదే ఆగిపోవడం. ఈసారి బుడగలు మూతనుంచి కాదు, ప్రెషర్ ట్యూబు మధ్యనుంచి లేచాయి. కంటికి ఆనని చిల్లు. ఆమె కొత్త ట్యూబు వేసింది, చీటీ కట్టింది. వెళుతూ వెళుతూ అతడు, అట్టలూడి ముక్కలైపోయిన ఆమె సర్వీసు మాన్యువల్‌ను అడిగి తీసుకున్నాడు. నాలుగో రోజు దాన్ని బట్ట అట్టతో, నిటారైన వెన్నుతో తెచ్చి బల్లమీద పెట్టాడు.

“ఎనిమిదో పేజీలో నూనె మరక అలాగే ఉంచాను,” అన్నాడు. “మీ బొటనవేలిది. మా పనిలో పుస్తకంలో ఏది దొరికినా తీసెయ్యకూడదు. ఎండిన ఆకైనా, చీటీ అయినా.”

ఆ సాయంత్రం గదిలోకి రెండో స్టూలు వచ్చింది. అదెందుకని మామయ్య అడగలేదు; అడగనందుకు ఎంత కష్టపడ్డాడో అతని ముఖమే చెప్పింది.

మూడోసారి అతడు ట్రక్కుతో శనివారంనాడు వచ్చాడు. ముందుగదిలో నలుగురు కొనుగోలుదార్లున్నారు. ఆమె ట్యాంకును నీళ్ళలో ముంచింది, బుడగను చూసింది. ఒకే ట్యూబు, ఒకే చోటు, ఒకే సన్నటి చిల్లు. ట్యూబు మార్చి చీటీ కట్టింది. అప్పుడు ఆమె చూపు అతని జేబుమీది సూదిపై పడి, అక్కడే నిలిచింది.

తను చేసిన పని రెండుసార్లు తిరిగిరావడం ఆమె ఎరగదు. ఆమె చేతిలో తప్పు లేదు. కనుక తప్పు ఎదుటి చేతిలో ఉండాలి. లెక్క ఎంత తిన్నగా ఉందంటే, ఆమెకు అనుమానమే రాలేదు.

“కొత్త ట్యూబుకు దానంతట అది చిల్లు పడదు. మీరు పొడిచి తెస్తున్నారు.”

“నేనా?”

“ఇక్కడికి రావడానికి మీకో సాకు కావాలి. అందుకు పాపం బండిని పొడవడమెందుకు?”

ముందుగదిలో ఎవరో కిసుక్కుమన్నారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ట్రక్కును నెమ్మదిగా చేతుల్లోకి తీసుకున్నాడు.

“సాకు కావాలన్నది కాదనను,” అన్నాడు. “కానీ, చిరిగినవాటిని కుట్టి బతికేవాణ్ణండీ నేను. చిల్లులు పొడిచేవాణ్ణి కాదు. రేపు రేసుంది. అదయ్యాక దీన్ని అమ్మేస్తాను. మళ్ళీ మీకు శ్రమ ఇవ్వను.”

వాన మొదలైంది. అతడు గొడుగు మరిచిపోయి వెళ్ళాడు.

*

ఆదివారం పొద్దున రెండో స్టూలు ఖాళీగా, ఆమెకేసి చూస్తున్నట్టుగా ఉంది. ఆమె దాన్ని అటు తిప్పింది. స్టూలుకు ముందూ వెనకా ఉండవు గనుక ప్రయోజనం కలగలేదు.

“నీదే నిజమైతే ఆ ముఖమేంటే తల్లీ, గంజిపెట్టి ఆరేసినట్టు?” అన్నాడు మామయ్య.

మార్చిన ప్రతి భాగాన్నీ తేదీ వేసి అగ్గిపెట్టెలో దాచడం ఆమె అలవాటు. రెండు పాత ట్యూబులనూ తీసి భూతద్దం కింద పెట్టింది. సూదిపోటు గుండ్రంగా ఉండాలి. ఇది గుండ్రంగా లేదు. ఏదో పదేపదే రాసుకుని, గీరి గీరి చివరకు తెగిన చీలిక. దాని అంచున ఆకుపచ్చని మరక.

ఆకుపచ్చ అంటే రాగి.

బల్లమీదున్న మరో ట్రక్కును దగ్గరికి లాక్కుని, ఎప్పుడూ కట్టినట్టే చీటీ కట్టి, పైన తొడుగు పెట్టి నొక్కి చూసింది. తీగ కొస వంగి, సరిగ్గా ప్రెషర్ ట్యూబుమీద ఆనింది. ఇంజను అదిరినప్పుడల్లా ఆ కొస ఏం చేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

“చీటీ తీసెయ్యకుండా నడిపితే...” అంది మెల్లగా.

“చీటీతో ఎవడు నడుపుతాడే? ఇంటికి వెళ్ళగానే పీకి పారేస్తారుగా!”

“తీసెయ్యనివాడు ఒకడున్నాడు మామయ్యా.” అప్పటికే ఆమె చేతుల్లో కట్టరు, కొత్త ట్యూబు, అతడు మరిచిపోయిన గొడుగు ఉన్నాయి. “దుకాణం చూస్తుండు.”

“ఆదివారం పూట దుకాణమా! ఉండు, నేనూ వస్తున్నా.”

*

ట్రాక్ దగ్గర సన్నటి జల్లు. ఎనిమిది ట్రక్కులు గీతమీద నిలబడి నీలిపొగ వదులుతున్నాయి. గడియారం పట్టుకున్న ఒక స్త్రీ, పరుగెత్తుకొస్తున్న ఆమెను ఎగాదిగా చూసింది.

“ఆ చేతిరాత నువ్వేనా అమ్మా?”

అతని అక్కేనని గొంతునుబట్టే తెలిసింది. ట్రక్కు అరుపు గురించి అతడు చెప్పింది అబద్ధం కాదు.

“ఆ ఎర్రబండి ఆపండి!” అని అరిచింది ఆమె.

రిమోటు పట్టుకున్న బైండరు తిరిగి చూశాడు. “ఈసారి ఏం పొడిచానండీ?”

ఆమె ఇంజను ఆపి తొడుగు లేపింది. లోపల ట్యాంకు పక్కన మూడు చీటీలు. నూనె తగలకుండా ఒక్కోదాన్నీ పారదర్శకమైన కాగితంలో పెట్టి, అంచులు తీర్చి అతికించి ఉంది. పాతవి రెంటినీ కొత్త చీటీ తీగకే దారంతో కట్టాడు. తీగ ముడి మాత్రం ఆమె వేసిందే. తీగ కొస కింద నిన్నటి ట్యూబు అప్పుడే గీరుకుపోయి నురగ కక్కుతోంది.

“ఇవెందుకు తీయలేదు?”

“మా పనిలో చీటీలు తీసెయ్యడం...”

“అది పుస్తకాలకు. నిజం చెప్పండి.”

“చెప్పరా,” అంది అక్క. “నేను చెప్పానంటే ఇంకా అసహ్యంగా ఉంటుంది.”

అతడు రిమోటు కింద పెట్టాడు. “మీరు రాసినవి కదండీ. పారేయబుద్ధి కాలేదు. ఇంట్లో పెడితే అక్క ఆటపట్టిస్తుంది. మీ దగ్గరికి వచ్చేముందు విప్పి జేబులో దాచేవాణ్ణి, చూస్తే నవ్వుతారని.”

జల్లు కొంచెం పెరిగింది. ఆమె నవ్వలేదు. లేచి నిలబడి, గీతదగ్గర ఉన్న అందరికీ వినపడేలా గొంతెత్తింది.

“నిన్న ఈయన్ని నలుగురి ముందు అనకూడని మాట అన్నాను. ఇదీ నలుగురి ముందే అంటాను. తీగ కట్టాక కొసను వెనక్కి మడవాలి. నేను మడవలేదు. ఆరేళ్ళుగా ఎవరికీ మడవలేదు. ట్యూబును పొడిచింది ఈయన కాదు, నేను. తప్పు నాది.”

వెనకనుంచి రొప్పుతూ వచ్చిన మామయ్య చెవిదగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. “ఏమన్నావ్? సరిగా వినపడలేదు, ఇంకోసారి అను!”

“వినపడింది నీకు.”

“మీరన్నదాన్లోనూ సగం నిజముందండీ,” అన్నాడు బైండరు మెల్లగా. “సాకు సంగతి.”

“అది నాకూ తెలుసు. ఈ చివర పట్టుకోండి.”

“డాక్టరమ్మా, రెండే నిమిషాలు!” అని రేసు నడిపేవాడు కేకేశాడు. ఆమెకు ఒకటిన్నర చాలింది. తీగ తెంపింది, ట్యూబు మార్చింది, చీటీలు మూడూ అతని అరచేతిలో పెట్టింది. వేళ్ళు తగిలిన ఆ క్షణాన్ని మిగిలిన అర నిమిషంలో జమకట్టవచ్చు.

ఎర్రట్రక్కు ఆగలేదు. ఆఖరిచుట్టు దాకా ఒకే గొంతుతో, హాయిగా పాడుకుంటూ పరిగెత్తి, ఎనిమిదింటిలో ఏడోదిగా వచ్చింది. ఎనిమిదో బండివాడు మధ్యలో నీడిల్ తిప్పాడు.

“మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరమ్మా?” అని మామయ్య అక్కను అడిగాడు, ఏమీ ఎరగనట్టు ఆకాశంకేసి చూస్తూ.

“నేనేనండీ. మీ వైపు?”

“నేనే.”

“అయితే మాట్లాడుకోవడానికి పెద్దగా ఏం మిగల్లేదండీ. రేపు సాయంత్రం రండి, ఓ కప్పు టీ తాగుదురుగాని.”

ఇవతల అతడు బురద కొట్టుకున్న ట్రక్కును చొక్కాకు ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె గొడుగు తెరిచి, తనమీద కొంతా అతనిమీద ఎక్కువా వచ్చేలా పట్టుకుంది.

“అమ్మేస్తానన్నారు,” అంది.

“అన్నాను. ఇక చిల్లు పడదు కదా. ఏం చెప్పుకుని రావాలి మీ దగ్గరికి?”

ఆమె గొడుగును అతని చేతికిచ్చి, సంచిలోంచి ఒక చీటీ తీసింది. అలవాటైన రెండు వాక్యాలూ రాసి, తేదీ వేసి, ఒక్క క్షణం ఆగి కింద ఇంకో వాక్యం చేర్చింది. తీగ వెయ్యలేదు. అతని కళ్ళముందు పట్టుకుంది.

‘పరీక్షించడమైనది. లోపం లేదు. అయినను రోజూ రావలెను.’

అతడు రెండుసార్లు చదివాడు. “బండితోనా?”

“వట్టి చేతులతో వచ్చినా ఫరవాలేదు. స్టూలుంది.”

అతడు ట్రక్కును ఆమెకిచ్చాడు, గొడుగును మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు. జేబు అంచునున్న సూది తీసి, అక్కడే, ఆ వానలోనే, చీటీని జేబు లోపలివైపు నాలుగు కుట్లతో కుట్టాడు. ముడివేసి, దారం కొసను జాగ్రత్తగా వెనక్కి మడిచాడు.