ఎడమ డోర్ స్పీకర్

"బంగారంలాంటి కారుకి బొక్కలు పెడతారా?"

మాచర్ల బస్టాండు వెనక సందులో, జోజి రేడియో షాపు ముందు ఆగిన తెల్ల అంబాసిడర్ వెనక సీట్లోంచి వచ్చిందీ ప్రశ్న. జోజి తలెత్తి చూశాడు. ముందు గొడుగు దిగింది. దాని వెనక గొడుగు పట్టుకున్న చెయ్యి, ఆ వెనక కోపంగా చూస్తున్న రెండు పెద్ద కళ్ళు.

"బొక్క కాదండి, కటౌట్," అన్నాడు జోజి.

"ఇంగ్లీషులో చెబితే బొక్క పూడుకుంటదా?"

"నువ్వూరుకో ఫిలోమినా," అంటూ డ్రైవింగ్ సీట్లోంచి ఆమె తండ్రి ఆరోగ్యస్వామి దిగాడు. రెంటచింతలలో నాపరాళ్ళ వ్యాపారం ఆయనది. కారంటే ప్రాణం. "ఏమయ్యా జోజీ, సంగతేందంటే, ఆ గురజాల పత్తి వ్యాపారి కారొస్తుంటే రెండు బజార్ల ముందే తెలుస్తది. నా కారు మీదెక్కినా తెలవదు. వెనకద్దం కింద ఉన్న స్పీకర్లు అగ్గిపెట్టెలో ఈగల్లాగా గుయ్యిమంటన్నయ్. పెద్దవి కావాల. వెనక తలుపులు రెండిట్లో చెరొకటి."

"అట్టాగే బా..." అని ఆగిపోయాడు జోజి. కాస్త పెద్దవాళ్ళెవరొచ్చినా బాబాయ్ అని పిలవడం అతని అలవాటు. ఈయన బాబాయ్ అయితే ఆ గొడుగు అమ్మాయి చెల్లెలైపోతుంది. "...బాగా పెడతానండి!" అని ఎలాగో గట్టెక్కాడు.

ఆరోగ్యస్వామి లారీ ఆఫీసులో పనుందని వెళ్ళాడు. ఫిలోమినా మాత్రం కదల్లేదు. ఊళ్ళో కాన్వెంటు స్కూల్లో టీచరు. పరీక్ష హాల్లో నిలబడ్డట్టే కారు పక్కన నిలబడింది.

జోజి కుడి తలుపు హ్యాండిల్ ఊడదీసి, రెగ్జిన్ అట్ట తప్పించాడు. లోపల చెయ్యి పెడితే ముందు పాత బస్సు టిక్కెట్లు వచ్చాయి, తర్వాత విరిగిన దువ్వెన.

"కారు తలుపు హుండీ లాంటిదండి. అద్దం సందులోంచి ఏది జారినా ఇక్కడికే చేరుద్ది," అంటూ మళ్ళీ చెయ్యి పెట్టాడు. ఈసారి ఒక జుంకీ వచ్చింది.

ఫిలోమినా కెవ్వున అరిచింది. "నాదే! క్రిస్మస్‌కి పోయింది. గుళ్ళో పారేసుకున్నానని మా అమ్మ ఇప్పటికీ తిడతానే ఉంది!"

జుంకీ అరచేతిలో పెట్టుకుని ఆమె నవ్విన నవ్వు చూశాక జోజికి ప్రపంచంలో ఉన్న కార్ల తలుపులన్నీ ఊడదియ్యాలనిపించింది.

కుడి తలుపు పని వెన్నలా సాగింది. అద్దాన్ని పూర్తిగా దించి, స్పీకర్ వెనకుండే అయస్కాంతం దానికి తగలకుండా చోటు కొలుచుకుని, సుద్దతో గుండ్రంగా గీసి కోశాడు. స్పీకర్ బిగించాక అద్దం ఎక్కించి దించి చూశాడు. ఎక్కడా తగల్లేదు.

ఎడమ తలుపు దగ్గర టేపు పట్టుకున్నాడో లేదో, ఫిలోమినా అంది: "ఈ హడావిడంతా ఆదివారం కోసం. గుంటూరు నుంచి పెళ్ళిచూపులకొస్తున్నారు. అబ్బాయి బ్యాంకులో చేస్తాడంట. స్టేషన్ నుంచి ఇంటిదాకా పాటల్తో తీసుకురావాలని మా నాన్న కోరిక."

టేపు సర్రున వెనక్కి చుట్టుకుపోయింది.

"మీకిష్టమేనా?" అన్నాడు జోజి. అనేశాక, తనకెందుకని నాలిక కరుచుకున్నాడు.

ఆమె గొడుగు కొనతో నేల గీకింది. "ఆ మాట అడిగిన మొదటి మనిషి మీరే."

జవాబు మాత్రం చెప్పలేదు. ఇంతలో సందులో సుడిగాలి లేచింది. దుమ్ము లోపలికి పోకుండా ఫిలోమినా గబగబా అద్దం ఎక్కించింది. జోజి ఏదో కొలిచాడు, ఎక్కడో కోశాడు, స్పీకర్ బిగించాడు. ఆరోగ్యస్వామి తిరిగొచ్చి సన్నాయి క్యాసెట్ పెడితే ఎదురు హోటల్లో టీ గ్లాసులు వణికాయి. "అదీ సౌండంటే!" అని ఆయన జోజి వీపు చరిచాడు. అద్దం దించి చూడాలన్న సంగతి ఎవరికీ తోచలేదు.

సోమవారం పొద్దున్నే ఆరోగ్యస్వామి షాపు ముందు ప్రత్యక్షమయ్యాడు. కారు లేదు. చేతిలో మాత్రం ఒక ఇనప ముక్క ఉంది.

"ఇదేంది?"

"అద్దం దించే హ్యాండిలండి."

"ఇది యాడ ఉండాల?"

"కారు తలుపుకండి."

"మరి నా చేతిలోకెట్టా వచ్చిందో చెబుతా, విను. పెళ్ళికొడుకు ఎడం పక్క కూర్చున్నాడు. మే నెల ఎండ. అద్దం దించబోతే నాలుగు వేళ్ళంత దిగి ఆగింది. రెండో పక్కేమో వడగాలని వాళ్ళమ్మ దించనియ్యలా. ఆ పిల్లోడు గట్టిగా తిప్పితే ఇది ఊడి చేతికొచ్చింది. పాపం, దీన్ని నాకు చూపించి ఊపుతున్నాడు. నా ముందున్న చిన్నద్దంలో చూశా. పాట వినపడటంలేదంటున్నాడేమోనని సౌండ్ ఇంకా పెంచా!"

జోజికి నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాడు.

"దిగేటప్పటికి మనిషి తడిసిన గుడ్డలాగా ఉన్నాడు. చెవుల్లో ఒకటే మోత. మా అమ్మాయిని పేరేందని అడిగాడు. చెప్పింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పింది. ఆఖరికి పలక మీద రాసి చూపించింది! మావాణ్ణి కొలిమిలో పెట్టి తెచ్చారని వాళ్ళమ్మ పలారం కూడా ముట్టకుండా లేచిపోయింది. పద. నీ సామాన్లు తీసుకో. కారు ఇంటికాడే ఉంది, నీ సంగతి తేలేది కూడా అక్కడే."

రెంటచింతల దాకా బస్సులో ఆరోగ్యస్వామి హ్యాండిల్ని ఒడిలోనే పెట్టుకున్నాడు. ఈ కథ ఆయన బజార్లో చెబితే తన షాపుకి తాళం పడ్డట్టేనని జోజికి తెలుసు. అయినా సంబంధం తప్పిపోయిందన్న సంతోషం మనసులో ఒక మూల కూర్చుని ఎంత తోసినా లేవడం లేదు.

పందిరి కింద కారు తలుపు విప్పి చూస్తే సంగతి తెలిసింది. అద్దం ఎక్కి ఉండగానే కొలవడంతో కోత చోటు తప్పింది. అయస్కాంతం అద్దానికి అడ్డం పడుతోంది. జోజి తల పట్టుకున్నాడు.

ఫిలోమినా మజ్జిగ గ్లాసు తెచ్చి అతనికిచ్చింది. అటూ ఇటూ చూసి మెల్లగా, "థ్యాంక్స్," అంది.

"దేనికండి?"

"ఏం తెలవనట్టు! ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. అయినా అర్థం చేసుకుని, అద్దం దిగకుండా భలే చేశారు. ఇంత తెలివుందనుకోలా."

ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. అవునంటే చాలు. కానీ చేతిలోకొచ్చిన పనిని కావాలని పాడుచేశానని అబద్ధానికైనా చెప్పలేకపోయాడు జోజి.

"కావాలని చెయ్యలేదండి. తప్పయిపోయింది."

"ఓహో." మెరుపు ఆరిపోయింది. "అయితే ఇట్టా ఇవ్వండి," అని సగం తాగిన మజ్జిగ గ్లాసు లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

అంతలో ఆరోగ్యస్వామి వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. ఆయన భార్య శౌరమ్మ గుమ్మంలో నిలబడింది. ఆమె భుజం వెనక సగం ముఖం, ఒక జుంకీ కనిపిస్తున్నాయి.

"ఒక్కటే మాట," అన్నాడాయన. "కావాలని చేశావా, చేతకాక చేశావా?"

చేతకాకంటే షాపు మూసుకోవాలి. కావాలనంటే ఇక్కడినుంచి నడిచి వెళ్ళగలనన్న నమ్మకం లేదు. జోజి స్క్రూడ్రైవర్ కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"రెండూ కాదండి. కుడి తలుపు కొలిచేటప్పుడు అమ్మాయిగారు జుంకీ దొరికిందని నవ్వారు. అది బాగానే వచ్చింది. ఎడమ తలుపు కొలిచేటప్పుడు ఆదివారం పెళ్ళిచూపులని చెప్పారు. ఆ తర్వాత టేపు మీద అంకెలు నాకు కనపడలేదండి."

ఆరోగ్యస్వామి ముఖం మెల్లగా ఎర్రబడింది. ఆయన కుర్చీలోంచి లేవబోతుండగా శౌరమ్మ పకపకా నవ్వింది.

"నువ్వెందుకే నవ్వేది?"

"మీరు నన్ను చూడ్డానికొచ్చిన రోజు గుర్తొచ్చింది. మా నాయన ఎదురొస్తే ఆయన్నొదిలేసి, కట్టుగొయ్య కాడ ఉన్న గేదెకి దణ్ణం పెట్టలా?"

"అది... ఎండ కళ్ళల్లో పడి..."

"ఈ పిల్లోడికి కూడా ఎండే పడుంటది లెండి."

ఆరోగ్యస్వామి మళ్ళీ కూలబడ్డాడు. "ముందు తలుపు బాగుచెయ్," అన్నాడు బింకంగా.

జోజి చెక్కతో గుండ్రటి చట్రం కోసి, స్పీకర్ కింద పెట్టి ముందుకి జరిపి బిగించాడు. ఆరోగ్యస్వామి వెనక సీట్లో కూర్చుని తనే హ్యాండిల్ తిప్పాడు. అద్దం అడుగుదాకా దిగింది. ఎక్కింది. మళ్ళీ దిగింది. ఆ కిటికీలోంచే తల బయటపెట్టి అడిగాడు:

"ఫిలోమినా, నువ్వేమంటావ్?"

ఫిలోమినా లోపలికెళ్ళి, గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి జోజి చేతిలో పెట్టింది. తొణికి కొంచెం అతని చొక్కా మీద ఒలికింది.

"ఇదేం జవాబు?" అన్నాడు ఆరోగ్యస్వామి.

"అదే జవాబు," అంది శౌరమ్మ.

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. వచ్చే ఆదివారం చర్చిలో పూజకి మీ అమ్మానాన్నల్ని తీసుకురా. పూజయ్యాక ఫాదర్‌గారి ముందు కూర్చుని మాట్లాడదాం. ముందే చెబుతున్నా, ఇంకెవరి తలుపన్నా కొలిచేటప్పుడు ఇట్టాంటి కబుర్లు వినమాక."

సాయంత్రం జోజి సామాన్ల సంచీతో రోడ్డు మీదికొచ్చాడు. బస్సు ఆగే చోటు వాళ్ళింటి గేటుకి ఎదురుగానే. గేటు అవతల ఫిలోమినా నిలబడింది.

"కావాలనే చేశానని అబద్ధం చెప్పొచ్చుగా? నేను ఎంచక్కా నమ్మేదాన్ని," అంది.

"మీ నాన్నగారు కొట్టేవారు."

"నేను అడ్డం వచ్చేదాన్నిగా."

"నిజంగా వచ్చేవారా?"

"ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టి లేచినప్పుడే గడప దాటబోయా. మా అమ్మ జడ పట్టుకు ఆపింది."

జోజి రోడ్డు దాటి గేటు దగ్గరికి వెళ్ళాడు. "ఆ జడ నొప్పికి క్షమాపణ చెప్పాలండి," అన్నాడు.

"చెప్పండి, వింటాను," అంది ఆమె.

మాచర్ల బస్సు వచ్చింది. ఆగింది. కండక్టరు రెండుసార్లు కేకేసి, విజిలూది, తలుపు మీద కొట్టాడు. బస్సు వాళ్ళిద్దరి మీదా దుమ్ము పోసి వెళ్ళిపోయింది. దుమ్ము సర్దుకున్నాక కూడా వాళ్ళు అక్కడే మాట్లాడుకుంటున్నారు.