ప్రాణం పట్టిన పలక

అసురసంధ్య... మేఘగర్జనలతో ఆకాశం అట్టుడికిపోతోంది. ఎక్కడో గుడ్లగూబ వికృతంగా కూసింది. ఆ వేళ, చేతిసంచిలో కత్తెర దాచుకుని, చెల్లెల్ని పోగొట్టుకున్న అక్క ఆ ఫొటోగ్రాఫరు స్టూడియో మెట్లెక్కింది.

దేశదేశాల గ్యాలరీలు నెత్తిన పెట్టుకున్న కళాకారుడతడు. గాఢాంధకారం... అందులో ఒకే ఒక్క కాంతిరేఖ... ఆ రేఖలో ప్రాధేయపడుతున్న స్త్రీ వదనం... అదీ అతని శైలి. మనిషిని కాదు, ప్రాణాన్నే పట్టేస్తాడని విమర్శకులు మురిసిపోయేవారు. అది అక్షరాలా నిజమని అక్క ఒక్కతికే తెలుసు. అతనికి మోడల్‌గా కూర్చుని వచ్చిన చెల్లెలు నెల తిరక్కుండా ఎండిపోయి, ఆమె ఒళ్లోనే కన్నుమూసింది. "నేనిక్కడ లేనక్కా... ఆ ఫొటోలోనే ఉండిపోయాను" అన్నదే ఆఖరి మాట.

మోడల్‌గా వచ్చానని చెప్పి అక్క అతని ముందు కుర్చీలో కూర్చుంది. "కదలకండి. కదిలితే మొహం చెదిరిపోతుంది," అన్నాడతడు, పాతకాలపు పెట్టె కెమెరాలో గాజుపలక బిగిస్తూ.

పక్కన ఎర్రదీపం కింద నరకపాలం... దాన్నిండా కుతకుతలాడే నల్లటి ద్రావకం! ఆ పలకను అతడు ముంచి తీసింది అందులోనే. అతని పెదవులపై క్షుద్రమంత్రం బుసలు కొట్టింది. అక్క కత్తెర అందుకోబోయింది... వేలు కదల్లేదు! ఒంట్లో నెత్తురంతా ఆ కెమెరా కటకంలోకి ఎవరో తోడేస్తున్నట్టు...

"అచ్చం చెల్లెలి పోలికే," అని నవ్వాడతడు. "ఇద్దర్నీ పక్కపక్కనే తగిలిస్తాలే."

ఎదుటి గోడపై నిలువెత్తు పటంలో చెల్లెలు. అక్క ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని పిలిచింది.

"చిట్టీ..."

పటంలోని కళ్లు కదిలాయి! మరుక్షణం అక్క దేహం విల్లులా వంగి, లేచి నిలబడింది. ఆమె నోట చెల్లెలి కంఠం పలికింది.

"ఇప్పుడు నువ్వు కూర్చో."

కెమెరా గిర్రున అతనివైపు తిరిగింది. గోడమీంచి విని విని కంఠతా వచ్చిన ఆ మంత్రాన్నే చెల్లెలు అందుకుంది. అతని ఆర్తనాదానికి అద్దాలు బీటలు వారాయి... చర్మం బెరడులా ముడుచుకుపోయి, శరీరం ఎండుకట్టెలా నేలకొరిగింది!

చెల్లెలు చేయించినట్టే అక్క చేతులు పలకను తీసి, ఫొటో కడిగే మొదటి ట్రేలో ముంచాయి. అతని ముఖం మెల్లగా తేలింది. పలకలోంచి సన్నని గొంతు వినబడింది.

"పెద్దలైటు వెయ్యకు తల్లీ... ముందు బొమ్మను నిలబెట్టే ఆ రెండో ట్రేలో ముంచు... లేకపోతే నల్లబడిపోతాను..."

"మా చెల్లీ ఇలాగే బతిమాలిందా?" అంది అక్క.

స్విచ్ నొక్కింది.

తెల్లని వెలుగులో ఆ ముఖం బూడిదరంగుకు తిరిగి, కాటుకలా నల్లబడి, అరుస్తూనే సమసిపోయింది. అక్క తలెత్తి చూసింది. గోడల నిండా పటాలు... ఒక్కదాంట్లోనూ మనిషి లేదు. చెల్లెలి పటంలో ఖాళీ కుర్చీ.

అప్పుడు గానీ అక్కకు ఏడుపు రాలేదు.