అరవై నాలుగో వాటా

చనిపోయినవాడి పడవకు రిజిస్ట్రేషన్ రెన్యూ అయిందన్న ఉత్తరం మంగళవారం ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్లోని అభిజిత్ ఫ్లాట్‌కు వచ్చింది. గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు అతను బెల్‌ఫాస్ట్‌లో ఒక డెంటల్ సర్జరీ పై అంతస్తులో చీఫ్ వెంకటసుబ్బారావు ఎదుట కూర్చున్నాడు. ఇరుగుపొరుగుకు అభిజిత్ ఐటీ కాంట్రాక్టర్. అసలు ఉద్యోగం సీక్రెట్ ఏజెంటు. పద్నాలుగేళ్లయింది.

వెంకటసుబ్బారావు ఉత్తరం జెరాక్సు ముందుకు తోశాడు.

"ఈ సంతకం ఎవరిదయ్యా?"

"గోవిందరాజులుది. అలాగే ఉంది సార్."

"అతను పోయి మూడేళ్లు కదా?"

"శవం దొరకలేదు."

"నేనడిగింది అది కాదు."

గోవిందరాజులు అభిజిత్‌కు జోడీ ఏజెంటు. మూడేళ్ల కిందట ఒక విదేశీ ముఠా వెంట ఒంటరిగా పడవలో వెళ్లాడు. ఇంజిన్ గదిలోకి నీళ్లొస్తున్నాయని రేడియోలో చెప్పాడు. తర్వాత మాట లేదు. పడవ పేరు 'అలివేలుమంగ'. అది అతని తల్లి పేరు.

ఆ పడవను రిజిస్టర్ చేయించి ఐదేళ్లయింది. ఈ దేశపు రిజిస్టరులో పడవ హక్కును అరవై నాలుగు వాటాలుగా లెక్కిస్తారు. గోవిందరాజులు అరవై మూడు ఉంచుకుని ఒకటి అభిజిత్ పేరున రాయించాడు.

"నాకెందుకు బావా?" అన్నాడు అభిజిత్ ఆరోజు.

"ఉంచుకోరా. నేను లేకపోతే కాగితాలు చూసేవాడు ఒకడుండాలిగా."

పడవ మునిగితే ఆ సంగతి ఓనరే తెలియజేయాలి. అప్పుడు రిజిస్టరులో దాని పేజీ మూసేస్తారు. అభిజిత్ టాబ్లెట్‌లో ఆ ఫారం మూడేళ్లుగా ఉంది. ప్రతి ఆదివారం తెరుస్తాడు. 'పడవ ఏమైంది?' అన్న గడి దగ్గర ఆగిపోతాడు. మళ్లీ మూసేస్తాడు.

"నువ్వు మూయని పేజీని ఆ ముఠావాళ్లు వాడుకున్నారు," అన్నాడు వెంకటసుబ్బారావు. "అదే పేరు, అదే నంబరు. ఇక్కడి మెరీనా రేవులో ఉంది. పదింటికి బయల్దేరుతుంది. సముద్రం అడుగున స్కాట్లాండ్ వెళ్లే కేబుల్ మీద పేలుడు ఛార్జ్ దింపుతారు. సగం ఆస్పత్రుల ఫోన్ లైన్లు అందులోనే."

"ఆపించండి సార్."

"బ్రిటిష్ జెండా, సక్రమమైన కాగితాలు. పై అనుమతి వచ్చేసరికి సాయంత్రం. అదే రిజిస్ట్రేషన్ మూతపడితే మనవాళ్లు ఎవర్నీ అడక్కుండా ఎక్కొచ్చు. మూయించగలిగేది బతికున్న ఓనరు. అంటే నువ్వు."

వెంకటసుబ్బారావు జెరాక్సు వెనక్కి తీసుకున్నాడు.

"ఇంకోటుంది. ముఠాలో మన మనిషి మనస్విని రిపోర్టు పంపింది. గోవిందరాజులు బతికే ఉన్నాడట. పడవ అతనిదేనట."

"మీరు నమ్ముతున్నారా?"

"ఆ పిల్ల మన మనిషో వాళ్ల మనిషో నాకే తెలీదు."

"చూడకుండా రాయలేను సార్."

వెంకటసుబ్బారావు లేచాడు. సొరుగులోంచి పడవలు తనిఖీ చేసే సర్వేయర్ జాకెట్, అతికించుకునే మీసం, చెవిలో పెట్టుకునే గింజంత రిసీవర్ తీశాడు.

"చూడు. ఫారం అందగానే నీ చెవిలో 'పులిహోరలో ఇంగువ ఎక్కువైంది' అంటాను. మనవాళ్లు వస్తున్నారని అర్థం. అది వినపడకపోతే నిన్ను ఒడ్డుకు తెచ్చేవాళ్లుండరు."

మెరీనాలో పొగమంచు. తెల్లరంగు, నీలం గీత, వెనక 'అలివేలుమంగ'. అభిజిత్ కాలు మెట్టు మీద పెట్టి ఆగాడు. లోపల్నుంచి గోవిందరాజులు వెలిగించే అగరొత్తుల వాసన వస్తోంది. కెటిల్ అదే కొక్కేనికి వేలాడుతోంది. అతని స్వెట్టరు కుర్చీ మీద ఉంది. బాత్రూంలో నీళ్ల చప్పుడైతే అభిజిత్ అటు తిరిగాడు. ఎవరూ లేరు. పంపు కారుతోంది.

"సర్వేయర్ గారూ, వెల్కమ్." ఎర్రకోటు వేసుకున్న అమ్మాయి మెట్లు దిగింది. మనస్విని. నాటింగ్‌హామ్‌లో పుట్టి పెరిగింది. "అభీ, ఆ మీసం ఈజ్ క్రిమినల్. తీసెయ్ ప్లీజ్."

అభిజిత్ తీసేశాడు. "బావ ఎక్కడ?"

"ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో. లంచ్‌కి అక్కడుంటాం. నిన్నే అడుగుతున్నాడు, ఆనెస్ట్లీ."

పైన తాళ్లు విప్పారు. పడవ కదిలింది. అభిజిత్ దిగలేదు. దిగాలనిపించలేదు కూడా.

"దూలం చూడాలి," అన్నాడు. "సర్వేయర్ని కదా."

"షూర్. చూస్తే యూ విల్ బిలీవ్."

రిజిస్టరు నంబరును పడవ ప్రధాన దూలం మీద చెక్కాలి. సర్వేయర్ దాన్ని చూసి ఫోటో తీస్తాడు. మనస్విని టార్చి వేసింది. ఆరు అంకెలు. ఆఖరి అంకె పక్కన రూపాయి బిళ్లంత పసుపు బొట్టు, మధ్యలో కుంకుమ. రిజిస్ట్రీ ఫైలు ఫోటోలో ఉన్నట్టే ఉంది. అభిజిత్ దగ్గరికి వంగాడు.

ఆ నంబరు చెక్కింది అతనే. ఆఖరి అంకె దగ్గర ఉలి జారి దూలం మీద బొటనవేలంత గాటు పడింది. గోవిందరాజులు పడీపడీ నవ్వాడు. "సాఫ్ట్‌వేరోడికి ఉలి ఇచ్చాను చూడు, నాదీ బుద్ధి!" అంటూ గాటు మీద పసుపు మెత్తాడు. కుంకుమ పెట్టి సర్వేయర్‌తో అది మా పద్ధతి అన్నాడు. ఫోటోలో బొట్టు పడింది. గాటు పడలేదు.

అభిజిత్ బొటనవేలితో బొట్టు తుడిచాడు.

కింద చెక్క నున్నగా ఉంది.

అతను వేలు అక్కడే ఉంచి ఇంకోసారి తడిమాడు. గాటున్న దూలం సముద్రం అడుగున ఉంది. గోవిందరాజులు దానితోనే ఉన్నాడు.

"సో?" అంది మనస్విని.

"సరిపోయింది. ఫారం నింపేస్తాను."

అతను టాబ్లెట్ తెరిచాడు. పడవ ఏమైంది? మునిగింది. తేదీ రాశాడు. పడవలో ఎవరు? ఒక్కరు. గోవిందరాజులు పేరు రాశాడు. బతికారా? లేదు. సంతకం చేశాడు. పంపాడు. సిగ్నల్ ఒక్క గీత ఉంది. చక్రం తిరుగుతోంది. గీత పోయింది. మళ్లీ వచ్చింది. పదీ ముప్పై ఒకటికి చక్రం ఆగి టిక్ పడింది.

పైన తాడు దించే వించ్ మోత మొదలైంది. చెవిలో ఏమీ వినపడలేదు. అభిజిత్ కళ్లు మూసుకున్నాడు. మోత సాగుతోంది.

"ఇంగువ ఎక్కువైందయ్యా," అంది చెవిలో గొంతు. "పులిహోర సంగతి తర్వాత చెప్తా."

పొగమంచులోంచి రెండు చేపల పడవలు వచ్చి చెరోవైపు ఆనుకున్నాయి. డెక్ మీద బూట్లు దబదబలాడాయి. మనస్విని కోటు జేబులోంచి పిస్టల్ తీసింది.

"వాట్ డిడ్ యూ సైన్?"

"ఈ పడవ మునిగిందని."

"దాని మీదే నిలబడ్డాం, అభీ!"

"ఇది కాదు. నాకు ఒక్క వాటా ఉంది. ఆమాత్రం తెలుసు."

మెట్ల మీద ముగ్గురు తుపాకులతో కనిపించారు. ఆమె పిస్టల్ టేబుల్ మీద పెట్టి కోటు గుండీలు పెట్టుకుంది. పైన వించ్ ఆగింది. ఛార్జ్ సముద్రం అడుగుకు చేరడానికి పదకొండు మీటర్ల తాడు మిగిలింది.

మధ్యాహ్నం వెంకటసుబ్బారావు ఫోన్ చేశాడు.

"రిజిస్ట్రీ వాళ్లు మెయిల్ పెట్టారు. పేజీ మూసేశాం, ఒరిజినల్ సర్టిఫికెట్ వెనక్కి పంపండి అంటున్నారు."

"అది బావ జేబులో ఉంది సార్."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది.

"అయితే కొంత ఆలస్యమవుతుందని రాయి."