‘చలేస్తోంది’ అన్న మాట

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, అదీ మా ఆయన పోయాక. ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడా తప్పితే సర్దుకుని చదువుకోండి. నేను రాయడం నిదానమే గానీ, కథ నిదానంగా నడిచేది కాదు.

"చెక్క పాతదే. కొట్టుకురావడమే కొత్త," అన్నాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ పెద్దాయన.

బ్రీఫింగ్ గది అంటే ఒక సెలూన్ వెనక సామాన్ల కొట్టు. బల్ల మీద జానెడు నల్లటి దుంగ ముక్క ఉంది. తుపాను వెలిశాక ఇలాంటి దుంగలు తీరానికి గుట్టలుగా కొట్టుకొచ్చాయి. ఏనాటిదో ఓడ శకలాలని పేపర్లు రాశాయి. ఆ ఓడ ఎక్కడ మునిగిందో వెతకడానికి మ్యూజియం వాళ్లు డైవర్లను పెట్టుకున్నారు. వాళ్లకి అనుమతి దొరికిన చోట చేపల పడవను కూడా రానివ్వరు. అడుగున నేవీ కేబుల్ ఉంది.

పెద్దాయన దుంగను తిప్పాడు. ఒళ్లంతా సముద్రపు పురుగు తొలిచిన బెజ్జాలు. ఒక చివర మాత్రం తారు పూత. గోరుతో గీకితే కింద చెక్క నున్నగా మెరిసింది.

"మరరంపం కోత," అన్నాడు తాబేలు. డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏజెంటుకి అదే పేరు.

"ఫారిన్ గూఢచారుల రింగు ఒకటి వీటిని పాత ఓడలు విరగ్గొట్టే యార్డులో కొన్నది. కోత కనబడకుండా తారు పూసి, తుపాను చూసుకుని నీళ్లలో వదిలారు. కేబుల్ దాకా మన చేతే మన తలుపు తీయించారన్న మాట. డైవర్లలో చేరి, ఆ రింగు మనిషెవరో తేల్చు."

"కవర్?"

"అక్కడ హెడ్ డైవర్ నీ బామ్మర్ది. ఉద్యోగం పోయిందని చెప్పి వాడి దగ్గర చేరు."

తాబేలు తల గోక్కున్నాడు. విగ్గు, గడ్డం, కుంటికాలు, అన్ని వేషాలూ కట్టినవాడే. ఈ వేషం ఎప్పుడూ కట్టలేదు.

"టీమ్ లీడర్ ప్రొఫెసరమ్మ మన డబుల్ ఏజెంట్," అన్నాడు పెద్దాయన. "రింగు వాళ్లు తమ మనిషి అనుకుంటున్నారు. అయినా కోడ్ మాట ఆవిడకి కూడా చెప్పకు."

కోడ్ మాట ‘చలేస్తోంది’. సముద్రం మీద పనిచేసేవాడు ఆ మాటంటే ఎవరికీ అనుమానం రాదు. పెద్దాయన పడవ మీద వంటవాడిగా ఉంటాడు. డైవర్లతో మాట్లాడే మైకుకి కలిపిన ఆయన చెవి మిషన్‌లో ఆ మాట పడితే చాలు, నేవీ గస్తీ పడవ వచ్చి వాలుతుంది.

మూటాముల్లె సర్దుకుని తాబేలు భార్యతో సహా అత్తగారింటికి చేరాడు. మొదట్లో "అల్లుడుగారూ" అని పిలిచింది అత్తగారు. కొన్నాళ్లకి ‘గారు’ రాలిపోయింది. ఇంకొన్నాళ్లకి పిలుపే పోయింది. "ఏమే, మీ ఆయన లేచాడా?" అని కూతురిని అడిగేది. భార్య మాత్రం "ఆయనకి ఒంట్లో బాగాలేదమ్మా" అని వెనకేసుకొచ్చేది. ఆ అబద్ధం తన కోసం ఆడుతోందని తెలిసి తాబేలు గోడవైపు తిరిగి పడుకునేవాడు.

బామ్మర్ది తన ఉన్ని స్వెట్టర్ తెచ్చిచ్చాడు. "నాకు బిగుతైపోయింది బావా. నువ్వేసుకో."

అది వాడికి బిగుతు కాలేదు. జీతం నెలనెలా బ్యాంకులో పడుతున్న తాబేలు ఆ స్వెట్టర్ తొడుక్కున్నాడు. ఉన్ని గుచ్చుకున్నట్టు రోజంతా ఒళ్లు చిమచిమలాడింది.

పడవ మీద అతని పని, బామ్మర్ది నీళ్లలో దిగితే తాడు పట్టుకోవడం. ఏ నీడ కదిలినా రింగు వాళ్లేమోనని ‘పైకి రా’ అన్నట్టు తాడు గుంజేవాడు. పైకొచ్చి చూస్తే ఏమీ ఉండేది కాదు.

"మా బావ తాడు గుంజాడంటే మబ్బు పట్టిందని అర్థం," అనేవాడు బామ్మర్ది. పడవంతా నవ్వేది.

ఒకరోజు ఆ నవ్వు విని ప్రొఫెసరమ్మ దగ్గరికొచ్చింది. నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫ్, ఉప్పుగాలిని కూడా నెట్టేసే సెంటు వాసన.

"మీరు ఇలాంటి పని చేయాల్సిన మనిషిలా లేరండీ," అంది.

‘మీరు’ అన్న మాట విని ఎన్నాళ్లయిందో. తాబేలు నిలువునా కరిగిపోయాడు. ఎలాగూ మన మనిషే కదా అనుకున్నాడు.

"కాదండీ. నేనెవరో వీళ్లకి తెలీదు. ‘చలేస్తోంది’ అని ఒక్క మాటంటే గస్తీ పడవ పరిగెత్తుకొస్తుంది."

అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు. పెద్దాయనకి చెప్పేద్దామని వంటగది గుమ్మం దాకా వెళ్లాడు. ఆయన ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తి చూశాడు. "మంచినీళ్లు కావాలి," అన్నాడు తాబేలు. తాగి వచ్చేశాడు.

మర్నాడు బామ్మర్ది నీళ్లలో దిగాక ఆవిడ మళ్లీ వచ్చింది.

"దుంగల కింద ఓడ కెప్టెన్ పెట్టె కనిపించిందట. అక్కడే మూత తీసి చూడమన్నాను. నాకు ఒడ్డున పనుంది, వెళ్లొస్తా." మోటారు బోటులోకి దిగుతూ సన్నగా నవ్వింది. "మీరు స్వెట్టర్ విప్పకండి. చలేస్తుంది."

రింగు మనిషి ఈవిడేనని తాబేలుకి అప్పుడు వెలిగింది. ఏ మ్యూజియం వాళ్లూ దొరికిన పెట్టెను నీళ్లలో తెరవరు. అది కెప్టెన్ పెట్టె కాదు, కేబుల్‌కి తగిలించిన దొంగ రికార్డర్, మూత తీస్తే పేలేది. గుట్టు బయటపడిందని తెలిసి, పెట్టెతోపాటు కేబుల్‌నీ, దాన్ని చూసిన కళ్లనీ లేకుండా చేయబోతోంది.

తాడు గుంజాడు. స్పీకర్‌లో బామ్మర్ది గొంతు వినిపించింది. "ఏంటి బావా, మబ్బు పట్టిందా?"

డెక్ మీద నవ్వులు. తాబేలు మైకు లాక్కున్నాడు. "పెట్టె ముట్టుకోకు. పైకి రా."

"ఒక గొళ్లెం తీశాను. రెండోది మొండికేస్తోంది. ఉండు."

"అది బాంబు."

"నీకెవరు చెప్పారు?"

వంటగది గుమ్మంలో పెద్దాయన కత్తి ఆగింది. ఎవరికి తెలియకూడదని తాబేలు తలదించుకు తిరిగాడో, ఆ చెవులన్నీ ఇక్కడే ఉన్నాయి.

"నా ఉద్యోగం పోలేదురా. నేను గూఢచారిని. మీ అందరికీ అబద్ధం చెప్పాను. ఆవిడ దగ్గర గొప్పలకి పోయి కోడ్ వాగేశాను. అందుకే ఆవిడ ఈ ఎత్తు వేసింది."

స్పీకర్‌లో కిసుక్కుమన్న నవ్వు. "నువ్వు గూఢచారివా? నిన్న గాలి పంపు స్విచ్ ఎక్కడుందని నన్నడిగావు బావా. ఉండు, గొళ్లెం కదులుతోంది."

"ఒరేయ్, నీ కాళ్లు పట్టుకుంటాను. పైకి రారా."

నవ్వు ఆగిపోయింది. ‘గారు’ రాలిపోయినా, పిలుపు పోయినా, అక్క మొగుడు అక్క మొగుడే. అతను బామ్మర్ది కాళ్లు పట్టుకుంటాననడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. వేళాకోళానికి కూడా అనే మాట కాదది.

"అంత మాటెందుకు బావా," అంది స్పీకర్ మెల్లగా. "చెయ్యి తీసేశాను. వస్తున్నా."

అప్పటికే గస్తీ పడవ మోటారు బోటుకి అడ్డం తిరిగింది. పెద్దాయన కబురు పంపడానికి ఏ కోడ్ కోసమూ ఆగలేదు. ప్రొఫెసరమ్మ చేతులు పైకెత్తింది. గాలికి స్కార్ఫ్ జారి నీళ్లలో పడింది. నేవీ డైవర్లు దిగి చూసేసరికి రెండో గొళ్లెం వెంట్రుకవాసి పట్టు మీద ఉంది.

"ఆవిణ్ని నమ్మింది నేను. నోరు జారింది నువ్వు. రిపోర్టులో రెండూ రాస్తాను," అన్నాడు పెద్దాయన.

"కవర్ తీసేయొచ్చా సార్?"

"రింగులో పైవాళ్లు ఇంకా దొరకలేదు. అందాకా నీకు ఉద్యోగం లేదు. పడవ మీద వాళ్ల నోళ్ల సంగతి నేను చూసుకుంటాను."

బామ్మర్ది డెక్ మీద కూర్చుని వణుకుతున్నాడు. తాబేలు స్వెట్టర్ విప్పి వాడి భుజాల మీద కప్పాడు.

"నాకు బిగుతన్నానుగా."

"నీకెప్పుడూ బిగుతు కాలేదు."

వాడు స్వెట్టర్ దగ్గరికి లాక్కున్నాడు. "అక్కకి అబద్ధం చెప్పడం నా వల్ల కాదు బావా."

"నా వల్లా కాదనుకున్నాను. చెప్పేశాను," అన్నాడు తాబేలు, వాడి మొహం చూడకుండా.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర, ఓడ వెతుకులాట ఆగిపోయిందని తెలిసి అత్తగారు గరిటె పక్కన పెట్టింది. "ఆ పని కూడా పోయిందా? ఆ ప్రొఫెసరమ్మ మర్యాదస్తురాలు అన్నావుగా. ఇంకెక్కడైనా ఓ మాట చెప్పమనలేకపోయావా?"

బామ్మర్దికి పొలమారింది. భార్య వాడికి మంచినీళ్లు అందించింది.

తాబేలు కంచంలోంచి తల ఎత్తలేదు. "ఆవిడ ఉద్యోగం కూడా పోయిందత్తయ్యా."

ఇట్లు,
అందరూ పెద్దక్క అని పిలిచే నేను,
వయసు అరవై తొమ్మిది,
ఇప్పుడు ఉంటున్నది చిన్నకూతురి ఇంట్లో, వీధివైపు గదిలో.