స్టూడియో కోటు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు వెనక, తవుడు బస్తాల మధ్య ఏజెంట్ జనార్దన్ శవం దొరికింది. బిగిసిన పిడికిలి విప్పితే ఒక నల్ల గుండీ.

"కోటుది," అన్నాడు చీఫ్ కృపాకర్. "ఇది విదేశీ ముఠా పని. గల్ఫ్‌కు పోయే మనవాళ్ల పాస్‌పోర్టులన్నీ స్కాన్ చేసి ఒక మైక్రో కార్డులోకి ఎక్కించారు. అది దేశం దాటిందా, మనవాళ్ల పేర్లతో వాళ్ల గూఢచారులు దర్జాగా ఇక్కడ దిగుతారు. ఇవాళ సూర్యాపేటలో కార్డు చేతులు మారుతోంది. అక్కడ ఫొటో స్టూడియో నడిపే సౌందర్య మన ఇన్‌ఫార్మర్. వెళ్లి కలువు, మహేశ్వర్."

"జనార్దన్ కూడా ఆమెనే కలిశాడా సార్?"

"కలిశాడు."

ఆ జవాబు మహేశ్వర్‌కు మింగుడు పడలేదు.

గల్ఫ్ మేస్త్రీ వేషంలో స్టూడియోలో అడుగుపెట్టాడు. సౌందర్య చూపు తిప్పుకోనివ్వని అందగత్తె. గూఢచారులకు అందగత్తెలే ఎందుకు తగులుతారో ఆ దేవుడికే తెలియాలి.

"పాత బియ్యమేనా?" అన్నాడు.

"పాతవే. నూక లేదు." కోడ్ కలిసింది. "కార్డు బస్టాండులో మారుతుంది. అక్కడ కాపు కాయండి," అంది గుసగుసగా.

మహేశ్వర్ చూపు గోడ మీదికి పోయింది. మేకుకు ఒక నల్ల కోటు వేలాడుతోంది. వీసా ఫొటోకు వచ్చిన ప్రతివాడూ తొడుక్కుని విప్పేసే ఉమ్మడి కోటు. దానికి ఒక గుండీ లేదు. కార్డు దాచడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంటుంది?

"ముందు ఫొటో దిగుతా," అన్నాడు. తర్వాతి వంతు అతనిదే.

"బిడ్డా, జర నన్ను ముంగట దిగనియ్యవా?" వెనక నుంచి ఒక ముసలాయన భుజం పట్టుకున్నాడు. నిడమనూరు రామనర్సయ్య, గొర్లు కాసేవాడు. "మస్కట్ల నా కొడుకు బిల్డింగ్ మీదికెల్లి పడ్డడు. దవాఖానల ఉన్నడు. పాస్‌పోర్టు బ్రోకరుకు సగం మంద వాయె, వీసాకు మిగిలిన సగం. ఫొటో రెండుసార్లు తిప్పి పంపిన్రు, ఒకపారి చెవులు కనవడ్తలేవని, ఇంకోపారి ఎనక తెల్లగ లేదని. కోదాడల వీసా క్యాంపు ఇయ్యాల్నే ఆఖరు. గిది తప్పితే పోరన్ని పానంతోని సూస్తనో లేదో."

మహేశ్వర్ మేకు మీది కోటును ఒకసారి చూశాడు. డ్యూటీ వద్దంటున్నా "దిగు పెద్దయ్యా" అనేశాడు.

"మీరొక్కసారి లోపలికి రండి," అని సౌందర్య పిలిచింది. లోపలి గదిలో అడుగుపెట్టాడో లేదో, వెనక తలుపు మూసుకుంది, గడియ పడింది. జనార్దన్‌ను చంపిందెవరో అప్పుడు తెలిసొచ్చింది.

వాచీలో దాచిన సన్న రంపంతో గడియ కోసి బయటపడేసరికి మేకు ఖాళీ. కెమెరామన్ బిక్కమొహం వేశాడు. "ముసలాయన కోటుతోనే ఉరికి కోదాడ బస్సెక్కిండు సార్. ఫొటోల కోటుండి మనిషికి లేకపోతే మళ్ల తిప్పి పంపుతరట. ఎంత జెప్పినా ఇనలే. మేడం గూడ కారేస్కొని ఎనకాల్నే పోయింది."

కోదాడ దాకా బైకు మీద మహేశ్వర్ తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. జాలిపడి దేశాన్ని బస్సెక్కించాడు.

ఫంక్షన్ హాల్లో క్యాంపు కిక్కిరిసి ఉంది. కౌంటర్ ముందు రామనర్సయ్య, చెమటకు తడిసిన కోటులో. వెనకే సౌందర్య, అతని వీపుకు ఫైలు ఆనించి. ఫైలు కింద పిస్టల్ మూతి. ఇంత జనంలో కోటు గుంజుకోలేక, పని అయ్యేదాకా కాచుకుని ఉంది. మహేశ్వర్‌ను చూసి కళ్లతోనే హెచ్చరించింది. కదిలితే ముసలాయన పోతాడు. కదలకపోతే కార్డు పోతుంది. చేతులు కనిపించేలా పెట్టి ముసలాయన పక్కన ఆగిపోయాడు.

"రండి బాబాయ్, ఇలా కూర్చోండి," కౌంటర్ అమ్మాయి కెమెరా తిప్పింది. "ఫొటో ఇక్కడే తీస్తామండీ. ఆ కోటు తీసెయ్యండి."

రామనర్సయ్య నోరు తెరిచాడు. "తియ్యాల్నా? గీ కోటు కోసం ఎంత పరేషానైన తల్లీ!" ఏడుస్తూనే విప్పాడు.

"ఇటివ్వు పెద్దాయనా, స్టూడియోది కదా," సౌందర్య చెయ్యి చాపింది.

ముసలాయన ఆమెను చూశాడు. పక్కనున్న మహేశ్వర్‌ను చూశాడు.

"నువ్వు మూడుపార్లు పైసల్ దీస్కున్నవ్ తల్లీ. గీ బిడ్డ లైన్ల తన జాగ ఇచ్చిండు." కోటు మహేశ్వర్ చేతిలో పెట్టి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

పిస్టల్ ఇటు తిరిగింది. అదే క్షణంలో కోటు దాని మీద పడింది. గుండు సీలింగ్‌లోకి పోయింది. సౌందర్య మణికట్టు మహేశ్వర్ పట్టులో చిక్కింది. క్యాంపు బందోబస్తు కానిస్టేబుళ్లు ఆమెను లాక్కెళ్లాక, కోటు లైనింగ్‌లో కార్డు చేతికి తగిలింది.

"కదలకండి బాబాయ్, చెవులు కనపడాలి," అంది కౌంటర్ అమ్మాయి, బల్ల కింది నుంచి లేచి. కెమెరా క్లిక్‌మంది. రసీదు చేతికొచ్చాక రామనర్సయ్య దాన్ని కళ్లకు అద్దుకున్నాడు.

ఫోన్ మోగింది. చీఫ్.

"కార్డు?"

"దొరికింది సార్."

"ముఠా బాస్ మస్కట్‌లో ఉన్నాడు. వెంటనే బయల్దేరు. వీసా ఉందా?"

మహేశ్వర్ గుమ్మం దాటి వీధిలోకి సాగిన లైను వైపు చూసి నిట్టూర్చాడు.

"లేదు సార్. కోటు మాత్రం ఉంది."