రెండు చేతులూ పైకెత్తండి

శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు బయల్దేరుతూ అబ్దుల్ జబ్బార్ తన గేముల షాపు షట్టర్ సగానికి దించాడు. నరసరావుపేట బస్టాండు వెనక సందులో, టైలరు కొట్టుకీ జ్యూసు కొట్టుకీ మధ్య ఉంటుంది ఆ షాపు. లోపల పనిచేసే జాస్మిన్ ఒక్కతే ఉంది.

"ఆదివారం నుంచి పిల్లలొస్తారమ్మా. ఈ కొత్త గేమ్ ఎట్టా ఆడాలో వాళ్ళకి చూపించాల. అది నిన్ను లోపలికే రానీకపోతే ఇంకెవర్నన్నా పెట్టుకోవాల గదా," అన్నాడు మెత్తగా.

మెత్తగా అన్నందుకే జాస్మిన్‌కు ఒళ్ళు మండింది. కసిరితే తిరిగి కసరొచ్చు. జాలిని ఏం చేసుకోవాలి? "నువ్వు పోయిరా బాబాయ్. నువ్వొచ్చేలోపు దాని సంగతి తేలుస్తా," అంది.

ఆ గేముకు చేత్తో పట్టుకునేది ఏదీ ఉండదు. టీవీ మీద ఒక కెమెరా, అంతే. ఎదురుగా నిలబడితే మన ఒళ్ళంతా చూసి మనల్ని సినిమా ఫైట్లోకి దించేస్తుంది. బాగా ఆడిన సినిమాల ఫైట్లే అన్నీ. ముందు సంతలో ఫైటు, తర్వాత రైలు మీద, ఆఖర్న ఫ్యాక్టరీలో. మనం గుద్దితే అక్కడ హీరో గుద్దుతాడు, మనం వంగితే వంగుతాడు. మంచిని మంచనే చెప్పుకోవాలి, కూర్చున్నచోట బొటనవేళ్ళు అరగదీసుకునే పిల్లల్ని లేపి చెమటలు పట్టిస్తుంది. లోపాలకూ కరువు లేదు. మనం గుద్దిన కాసేపటికి గానీ అది గుద్దదు, పెళ్ళయ్యాక బాజాలు వాయించినట్టు. లైటు వేస్తే దానికి కళ్ళు కనపడవు, అందుకని గదంతా చీకటి చేయాలి. ఇక హీరో మాట్లాడే తెలుగు వింటే పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచినవాడు గుర్తొస్తాడు. వీటన్నిటితో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒక్కటే. ఆట మొదలవ్వాలంటే ముందు తెరమీద ఒక మాట వస్తుంది: "రెండు చేతులూ పైకెత్తండి."

జాస్మిన్‌కు కుడిచెయ్యి మోచేతి కిందనుంచి లేదు.

చిలకలూరిపేట దగ్గర జిన్నింగు మిల్లులో పోయింది. రోలర్లలో ఇరుక్కున్న పత్తిని లాగబోతే రోలర్లే చేతిని లాక్కున్నాయి. తెగిన చేతిని ఏం చేయమంటారని ఆసుపత్రివాళ్ళు అడిగితే, తల్లి కరుణమ్మ గుడ్డలో చుట్టి ఇమ్మంది. పునరుత్థాన దినాన తన బిడ్డ లేచి చెయ్యి కోసం వెతుక్కోకూడదని ఆవిడ బాధ. ఊళ్ళో సమాధుల తోటలో చిన్న గుంట తీయించి, పాట పాడించి, ప్రార్థన చేయించి పూడ్పించింది. పైన చిన్న సిలువ పెట్టించింది. దానిమీద ఏం రాయాలో మేస్త్రికి తోచక "జాస్మిన్" అని రాశాడు.

"బతికున్న పిల్ల పేరుతో సమాధేందే కరుణమ్మా? రేపది తోడడగదా?" అంది పక్కింటి ముసలమ్మ.

"మా దేవుడి దగ్గర అట్టాంటియ్యి ఉండవులే," అంది కరుణమ్మ. ఏటా సమాధుల పండక్కి అందరి సమాధులతో పాటు దానికీ సున్నం వేసి కొవ్వొత్తి వెలిగిస్తుంది.

ఉంగరం కూడా ఆ నల్లరేగడిలోకే పోయింది. జాస్మిన్ బాప్తిస్మం తీసుకున్న రోజున అమ్మ కొనిపెట్టిన వెండి ఉంగరం. వేలు వాచి ఊడిరాలేదు. దిగులేసినా, కోపమొచ్చినా ఎడమచేత్తో ఆ ఉంగరాన్ని అటు సగం, ఇటు సగం తిప్పడం ఆమెకు అలవాటు. ఇప్పటికీ ఎడమచెయ్యి ఒక్కోసారి మరిచిపోయి అటు వెళ్తుంది. ఏమీ దొరక్క తిరిగొస్తుంది.

జాస్మిన్ షట్టర్ పూర్తిగా దించింది. గది చీకటైంది. పైన ఫ్యాను కిరకిరమంటోంది. బయట జ్యూసు మిక్సీ ఒకసారి గర్రుమని ఆగిపోయింది.

రెండు చేతులూ పైకెత్తండి.

నిన్న మోచేతికి క్రికెట్ బ్యాటు కట్టుకుని చూసింది. ఒప్పుకోలేదు. ఇవాళ ఏమీ కట్టుకోలేదు. ఎడమచేతినీ, కుడివైపు మిగిలిన ముక్కనూ ఎత్తి నిలబడింది. "నాకుండేవి ఇయ్యే. చూస్తే చూడు, లేకపోతే లేదు," అంది.

ఎర్ర గీత వచ్చింది. మళ్ళీ ఎర్ర గీత. తర్వాత పచ్చ.

తెరమీద ఆమె నీడ నీలంగా నిలబడి ఉంది. దానికి రెండు చేతులున్నాయి. కుడిచేతికి అయిదు వేళ్ళూ విచ్చుకుని ఉన్నాయి.

భయమేయలేదు. ముందు ఏడుపొచ్చింది. ఎన్నాళ్ళకు చూసింది ఆ చేతిని! కళ్ళు తుడుచుకుని ఆటలోకి దిగింది. సంతలో ఫైటు గెలిచింది. రైలు మీదా గెలిచింది. అప్పుడు గమనించిందొక విషయం. ఎడమచెయ్యి ఎప్పటిలాగే ఆలస్యంగా కదులుతోంది. కుడిచేతికి ఆలస్యం లేదు. ఆమె గుద్దాలనుకునేలోపే అది గుద్దేస్తోంది.

ఫ్యాక్టరీ వచ్చింది. రౌడీల వెనక పెద్ద రోలర్ల మిషను తిరుగుతోంది. పత్తి నలుసు వాసన... కాగిన ఆయిలు వాసన... ఆ వెనకే తడిమట్టి వాసన.

జాస్మిన్ చేతులు దించింది. తెరమీద ఎడమచెయ్యి దిగింది.

కుడిచెయ్యి దిగలేదు.

అది మెల్లగా తిరిగింది. ఎడమచేతి మణికట్టు పట్టుకుంది. ఇక్కడ, గదిలో, ఆమె మణికట్టు చల్లబడింది. వేళ్ళు. ఒక్కో వేలూ తెలుస్తోంది... లాగుతోంది. చెప్పులు గచ్చు మీద జారాయి. తెరమీద ఆమె నీడ రోలర్ల వైపు నడుస్తోంది.

ప్లగ్గు గోడకే ఉంది. కాలితో తంతే ఊడిపోతుంది. కానీ అది ఊడితే ఆదివారం తన చోట ఇంకొకరు నిలబడతారు.

"ఒక్కదానివే ఉండలేక వచ్చావా?" అంది గుసగుసగా.

పట్టు బిగిసింది.

"తోడు కావాల్నా?"

ఇంకా బిగిసింది. ఎడమచేతి వేళ్ళు తిమ్మిరెక్కాయి. రోలర్ల చప్పుడు చెవుల్లో... కాదు, మోచేతి ఎముకలో వినిపిస్తోంది.

జాస్మిన్ మడమలు గచ్చుకు తన్నిపెట్టింది. గొంతు పెరిగింది. "ఇయ్యను. దీన్నియ్యను. ఉన్నది ఇదొక్కటే. ఇన్నేళ్ళు నాకు అన్నం తినిపించావు, తల దువ్వావు. ఇప్పుడు గుంటలోకి లాగుతావా? నువ్వు నా చెయ్యివి. నేను నీదాన్ని కాదు. ఆడటానికొస్తే ఆడు. లేకపోతే పోయి పడుకో."

రోలర్లు ఇంకో చుట్టు తిరిగాయి.

తర్వాత పట్టు సడలింది. తెరమీద కుడిచెయ్యి పిడికిలి బిగించి, ఎదురుగా ఉన్న రౌడీని ఒక్క గుద్దు గుద్దింది. మిషను ఆగింది. బాజాలు మోగాయి. గెలిచినవాళ్ళకు ఆ గేమ్ ఫోటో తీస్తుంది. జాస్మిన్ ఎడమచెయ్యి పైకెత్తింది, కెమెరా తళుక్కుమంది.

షట్టర్ లేచి వెలుగు పడింది. జబ్బార్ టోపీ తీస్తూ తెరవైపు చూశాడు. ఫోటోలో జాస్మిన్ ఒక్కతే ఉంది, ఎడమచెయ్యి పైకెత్తి. కుడివైపు పిన్నీసు పెట్టిన ఖాళీ జాకెట్టు చెయ్యి.

"గెలిచావే. ఎట్టా రానిచ్చింది నిన్ను?" అన్నాడు.

"గట్టిగా చెప్పా. విన్నది."

"మంచి పని చేశావు. ఉంగరం కొత్తదా అమ్మాయ్?"

ఆమె కిందికి చూసుకుంది. ఎడమచేతి వేలికి వెండి ఉంగరం. అంచుల్లో నల్లమట్టి, ఇంకా తడిగా ఉంది.

జబ్బార్ గల్లాపెట్టె వైపు తిరగ్గానే జాస్మిన్ దాన్ని పళ్ళతో పట్టి లాగింది. నాలుకకు మట్టి తగిలింది. ఉంగరం కదల్లేదు. చేతికున్న ఉంగరం తీయాలంటే రెండో చెయ్యి కావాలి.

"పాతదే," అంది నోరు తుడుచుకుని. "ఆదివారం నేనే చూపిస్తా బాబాయ్. పిల్లల్ని రమ్మను."

చెయ్యి బల్లమీద పెట్టి, కదలకుండా చూస్తూ నిలబడింది. ఉంగరం మెల్లగా అటు సగం తిరిగింది. ఆగింది. మళ్ళీ ఇటు సగం తిరిగింది.