మేలుకున్న ప్రింటర్

అక్క బ్యాగు సర్దుతోంది. టోనర్ డబ్బా, స్క్రూడ్రైవర్లు, మెకానిక్ యూనిఫారం, అడుగున ల్యాప్‌టాప్. ప్రయాణం మాత్రం చెల్లెలిది. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో చెల్లెలి కోడ్ పేరు పిచ్చుక, అక్కది మహారాణి.

"నా బ్యాగు నేను సర్దుకోలేనా?" అంది పిచ్చుక.

"పోయినసారి చొక్కా అనుకుని దిండుగలీబు పెట్టుకెళ్ళావు. చూశాంగా నీ సర్దుడు."

అక్క ఎర్రటి లిప్‌స్టిక్ దిద్దుకుని ముందుగా బయల్దేరింది. రెండేళ్ళుగా ఆమె ఒక విదేశీ ట్రేడింగ్ కంపెనీలో బాస్‌కి సెక్రటరీ. ఆ కంపెనీ గూఢచారి ముఠాకి ముసుగు. డిపార్ట్‌మెంట్ రహస్యాలు అమ్ముతున్నట్టు బాస్‌ని నమ్మించి, అతని గుట్టంతా డిపార్ట్‌మెంట్‌కి చేరవేస్తోంది.

పిచ్చుకకి డిపార్ట్‌మెంట్ చీఫ్ బ్రీఫింగ్ కారులోనే జరిగింది.

"ఆ కంపెనీ గోడౌన్‌లో డ్రైవరుగా చేరిన మనవాడి సంగతి బయటపడింది. వాడి ఫొటో, మకాం వివరాలు ఇవాళ వాళ్ళ ఆఫీసు బిల్డింగ్‌లో ప్రింటవుతాయి. తీసుకునేవాడు కిరాయి హంతకుడు. ఫోన్ ముట్టడు, కాగితమే నమ్ముతాడు. మనవాడికి కబురు పంపుదామంటే లారీతో దారిలో ఉన్నాడు, ఫోన్ అందట్లేదు."

ఆ డ్రైవరు పిచ్చుక భర్త.

"ఏ ప్రింటర్‌లో సార్?"

"అదే తెలీదు. అంతస్తుకి అరడజను ఉన్నాయి. నెట్‌వర్క్‌లో దూరి, ఎవరెవరు మేలుకుని ఉన్నారని ఒక్క కేక వెయ్యి. ఆన్‌లో ఉన్నవన్నీ పలుకుతాయి. కానీ కేక ఏ సీటు నుంచి వచ్చిందో వాళ్ళ సెక్యూరిటీకి వెంటనే తెలిసిపోతుంది. వేసి పరిగెత్తు."

మూడో అంతస్తు మెట్ల దగ్గర పిచ్చుక ల్యాప్‌టాప్‌కి కేబుల్ తగిలించింది. చెవిలో ఇయర్‌పీస్ గరగరలాడింది.

"వేస్తున్నానక్కా."

"వద్దు. నేను వేసేశాను."

"నీ సీటు నుంచా? మతిపోయిందా నీకు?"

"చిన్నప్పట్నుంచీ నీకంటే నా గొంతే పెద్దది కదే. విను. మేలుకున్నవి నాలుగు. మూడు ఊరికే కూచున్నాయి. నాలుగోదానికి ఇప్పుడే పని అందింది. నీ అంతస్తే, స్టోర్‌రూమ్."

"ముందు నువ్వు బయటికి రా."

"వస్తాలే. మరిదిని చూసుకో. పోవే!"

స్టోర్‌రూమ్‌లో అట్టపెట్టెల వెనక ప్రింటర్ గుర్రుమంటోంది. ఫొటో నుదురు వరకు బయటికి వచ్చింది. ఆ నుదుటి మీది గాటు పిచ్చుకకి బాగా తెలుసు. కాగితం లాగి యూనిఫారంలోకి తోసింది. ప్లగ్గు పీకింది.

తలుపు దగ్గర బూడిదరంగు కోటు మనిషి నిలబడి ఉన్నాడు.

"నా కాగితం ఏది?"

"ప్రింటర్ డ్రమ్ము పోయింది సార్. ఒక్క క్షణం."

టోనర్ డబ్బా మూత తిప్పి అతని కళ్ళల్లోకి విసిరింది. నల్లపొడిలో అతను తుపాకీ కోసం తడుముకునేలోపే మెట్ల మీద కాపుకాసిన చీఫ్, అతని మనుషులు మీదపడ్డారు.

"ఫొటో కావాలన్నావట," అన్నాడు చీఫ్ బేడీలు వేస్తూ. "మొహం కడుక్కో, నీదే తీయిస్తాం."

పిచ్చుక పై అంతస్తుకి పరిగెత్తింది. అక్క కంప్యూటర్ వెలుగుతోంది, కుర్చీ పక్కకి పడిపోయి ఉంది. కిటికీలోంచి చూస్తే వెనక గేటు బార్లా తెరిచి ఉంది. బాస్ కారు లేదు.

సాయంత్రానికి భర్త ఇంటికి చేరాడు. ఆ పొద్దున వెళ్ళిన అక్క తిరిగి రాలేదు.